మూడు గాట్ల నాణెం

సముద్రం వైపు ఇల్లు,
మంగళవారం

అక్కా,

నువ్విచ్చిన కవర్లు బట్టల అడుగున దాచుకున్నాను. ఫోన్‌లో నా గొంతు లేవదని నీకు తెలుసు. పైగా ఇక్కడ గోడలు రేకులు. ఇవతల గుసగుసలాడితే అవతలివాళ్ళు జవాబు చెబుతారు. అందుకే రాస్తున్నాను. నాలుగో తరగతి చదువు కదా, తప్పులుంటే నవ్వుకో. బావకి మాత్రం చూపించకు.

పెళ్ళికి ముందు ‘అబ్బాయికి పాత నాణేల వ్యాపారం’ అంటే మనిద్దరం ఒక దుకాణం, గాజు బీరువా ఊహించుకున్నాం. దుకాణం ఉంది అక్కా. వెనక తలుపు దగ్గర మొదలై కనుచూపు మేర ఉంది. పైకప్పే లేదు.

ఆటు మొదలై నీళ్ళు వెనక్కి పోగానే ఆయన మెషీను పట్టుకుని వెళతారు. పొడుగాటి కర్ర, దాని చివర పళ్ళెం లాంటిది. దాన్ని ఇసుక మీద అటూ ఇటూ ఊపుతూ నడుస్తారు. చెవులకు హెడ్‌ఫోన్లు. ఇనుమైతే గుర్రుమంటుందట, రాగి అయితే కూస్తుందట, వెండి అయితే గంట కొట్టినట్టు ఉంటుందట. మోగిన చోట చిల్లుల పారతో తోడితే ఇసుక జారిపోయి వస్తువు మిగులుతుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు సీసా మూతే. పదోసారి ఎప్పుడో మునిగిన పడవల్లోంచి కొట్టుకొచ్చిన నాణెం. తవ్విన గుంట తవ్వినవాళ్ళే పూడ్చి అరచేత్తో అదమాలి. అత్తయ్య పెట్టిన పద్ధతి అది. అదమకుండా వస్తే అన్నం దగ్గర మాట్లాడదు.

నేను వచ్చిన పదో రోజునే ఒక ఘనకార్యం చేశాను. కిటికీలో పచ్చగా పాచిపట్టిన రాగి నాణేలు ఐదు కనబడ్డాయి. ఆయన్ని సంతోషపెడదామని బూడిదేసి తోమాను. ఒకదానికి పాచి వదలకపోతే ఇనుప పీచుతో రుద్దాను. దాని మీదున్న రాజుగారి ముఖానికి నుదుటి నుంచి గడ్డం దాకా గీత పడింది. ఆయన వచ్చి దాన్ని వెలుతురుకి పట్టి చూశారు. తర్వాత, “పాచి పోతే దాని వయసు పోయినట్టే. కొనేవాడు కొనేది వయసునే” అన్నారు మెల్లగా. తిట్టినా బాగుండేది. ఆ ఐదూ అత్తయ్య మంచం కింది రేకు డబ్బాలోకి వెళ్ళాయి. పోయిన మామయ్య ఏరిన నాణేలు అందులోనే ఉంటాయట.

ఇంకొక్క సంగతి. ఆటు వేళ వెనక తలుపుకి గడియ పెట్టనివ్వరు. ఇల్లంతా ఇసుక. ఎందుకని అడగడానికి నాకు నోరు రాలేదు.

నీ చెల్లి

*

కుట్టు దుకాణం మీది గది,
ఆదివారం

పిచ్చుకా,

ఉత్తరం అందింది. బావకి చూపించలేదు, చదివి వినిపించాను. రాజుగారి ముఖం గీరిన దగ్గర ఆయన రాస్తున్న మారు తాళం చెవి వదిలేసి మరీ నవ్వాడు. “మీ చెల్లెలికి గిన్నెలూ నాణేలూ ఒకటే” అంటున్నాడు. మరిదిగారు అరవలేదంటే మంచివాడే. మీ బావ అయితే నాలుగు వీధులకి వినిపించేవాడు.

ఇక్కడ స్కూలు యూనిఫారాల రోజులు. కాజాలు కుట్టి కుట్టి వేళ్ళు జల్లెడలయ్యాయి.

నాకు ఒక్కటే నచ్చలేదు. సంబంధం మాట్లాడేటప్పుడు మామగారు ‘పోయారు’ అన్నారు. ఎలా పోయారో మనం అడగలేదు. ఆ గడియ పెట్టని తలుపు సంగతి కనుక్కో. నోరు రాలేదు, నోరు రాలేదు అంటావు. దేవుడు దాన్ని అన్నానికొక్కదానికే ఇవ్వలేదు.

అక్క

*

సముద్రం వైపు ఇల్లు,
శనివారం

అక్కా,

వెనక తలుపు మీద ఒక కన్నేసి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

మూడు వారాలుగా ఆయనకి ఇంటి ముందు ఇసుకలోనే నాణేలు దొరుకుతున్నాయి. ఒడ్డున వలలు ఆరేసే గుంజలు ఉన్నాయి. వాటి చుట్టుపక్కలే. నిన్న శుభ్రంగా తోడేసిన చోట ఇవాళ మళ్ళీ రెండు. “పోటు తెచ్చిపెడుతోంది” అంటారు ఆయన.

మొన్న తెచ్చినవాటిలో ఒకటి కడుగుతున్నాను. కాస్త నల్లబడింది. వేలికి ఏదో గరుకు తగిలింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే రాజుగారి నుదుటి నుంచి గడ్డం దాకా గీత. నేను గీసిన గీత అక్కా! డబ్బాలోకి వెళ్ళిన నాణెం సముద్రంలోంచి ఎలా వస్తుంది?

ఆయన దాన్ని చూశారు. బొటనవేలితో ఒకసారి తడిమి పక్కన పెట్టేశారు.

మామయ్య సంగతి మాత్రం తెలిసింది. అత్తయ్యే చెప్పింది, బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా. ఆయనా ఇదే పని చేసేవారట. పన్నెండేళ్ళ కిందట ఒక పెద్ద ఆటు రోజున వెళ్ళి తిరిగి రాలేదు. మెషీను దొరికింది, మనిషి దొరకలేదు. పళ్ళెం, బ్యాటరీ పెట్టె మార్చి ఆ కర్రనే మా ఆయన వాడుతున్నారు. చెయ్యి పట్టే చోట కర్ర అరిగి గుంటపడి ఉంటుంది.

తలుపు తెరిచి ఉంచేది ఎవరికోసమో ఇప్పుడు తెలిసింది. వెనక తలుపు వైపు వీపు పెట్టి నేనిక వంట చెయ్యలేను.

నీ చెల్లి

*

కుట్టు దుకాణం మీది గది,
బుధవారం

పిచ్చుకా,

పోయినవాళ్ళు మంచం కిందికి దూరి రేకు డబ్బా మూత తియ్యరు. ఇంట్లో ఉన్నవాళ్ళే తీస్తారు. ఆ డబ్బా మీద కన్నేసి ఉంచు. ఏం చూసినా అరవకు. నువ్వెలాగూ అరవవనుకో.

నువ్వు చెప్పిన ఆ అరిగిన కర్ర మాత్రం నా కలలోకి వచ్చింది.

అక్క

*

సముద్రం వైపు ఇల్లు,
సోమవారం

అక్కా,

నువ్వన్నదే నిజం. తెల్లవారుతుండగా ఆయన ఇంకా లేవకముందు అత్తయ్య చెంగులో ఏదో ముడేసుకుని వెనక తలుపులోంచి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. గుంజల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మణికట్టు దాకా ఇసుకలో చెయ్యి దూర్చి ఒక్కొక్క నాణెమూ పెడుతోంది. పెట్టి, పూడ్చి, అరచేత్తో అదుముతోంది. ఆమెకి చూపు మందం. తడుముకుని తీస్తుంది కాబట్టి నేను పాడుచేసిన నాణెం వచ్చిందని ఆమెకి తెలియదు.

నన్ను చూసి ఉలిక్కిపడలేదు. “కూర్చో అమ్మాయ్, గాలి కొడుతోంది” అంది.

ఎదురుగా సముద్రంలో ఒక దిబ్బ ఉంది. పెద్ద ఆటుకే బయటపడుతుంది. పాత నాణేలన్నీ అక్కడే ఉంటాయట. మామయ్య వెళ్ళింది అక్కడికే.

“దిబ్బ మీద నీళ్ళు ముందు నుంచి రావు. వెనక నుంచి చుట్టుకుంటాయి. నేను ఇదిగో, ఈ గుంజ పట్టుకుని అరిచాను. గొంతు పోయేదాకా అరిచాను. చెవులకి అవి తగిలించుకున్నాడుగా! నా వైపు వీపు పెట్టి, తల వంచుకుని, మెషీను ఊపుకుంటూ పోయాడు. ఎంత నిదానంగా నడిచాడనుకున్నావు!”

ఆమె గొంతు ఎప్పుడూ బొంగురుగా ఎందుకుంటుందో నాకు ఆ క్షణాన అర్థమైంది.

“ఇంటి ముందే దొరుకుతుంటే వీడికి దిబ్బ మీదికి పోయే పనేముంది? తండ్రి ఏరింది కొడుక్కి పెడుతున్నాను. దొంగతనమా ఇది?”

“కాదు అత్తయ్యా” అన్నాను. ఆమెతో నేను పూర్తిగా పలికిన మొదటి మాట అదేనేమో.

మామయ్య దగ్గర ఒక రాగి నాణెం ఉండేదట. రోజూ పని మొదలుపెట్టే ముందు దాన్ని ఇసుకలో పెట్టి, మెషీను సరిగ్గా మోగుతోందా లేదా చూసుకునేవారు. ఏరినవాటిలో కలిసిపోకుండా దాని అంచుకి ఆకురాయితో మూడు గాట్లు పెట్టుకున్నారు. ఎప్పుడూ చొక్కా జేబులోనే. ఆ రోజూ జేబులోనే ఉంది.

ఆయనకి చెప్పనా, మాననా?

నీ చెల్లి

*

కుట్టు దుకాణం మీది గది,
గురువారం

చెల్లీ,

చెప్పకు.

నీ ఉత్తరం చదివాక మిషను తొక్కలేకపోయాను. మీ అత్తగారిని గయ్యాళి అనుకున్నాను, పాపం తగులుతుంది నాకు. ఆమెకి చలిగాలి తగలకుండా ఒక నిండుచేతుల రవిక కుట్టి పంపుతున్నాను. కొలత పెళ్ళిలో చూసిన నా కంటి అంచనాయే, బిగుతైతే నన్ను తిట్టమను.

మీ బావ కూడా ఈసారి నవ్వలేదు.

అక్క

*

సముద్రం వైపు ఇల్లు,
ఆదివారం

అక్కా,

రవిక సరిపోయింది. కానీ ఆమె తొడుక్కున్నది మంచం మీదే. గుంజల దగ్గర పాచిరాయి మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. డాక్టరు మూడు నెలలు కదలొద్దన్నాడు. ఆటు వేళకి కళ్ళు తెరిచి నా వైపు చూస్తుంది. నేను చెంగులో నాణేలు ముడేసుకుని వెళ్ళి వస్తాను. “అదిమావా?” అంటుంది. “అదిమాను” అంటాను. మా ఇద్దరి మధ్యా అంతే.

అయితే డబ్బా అడుగు కనబడుతోంది. అంతకంటే భయం ఇంకోటి. ఆయనకి ఇంటి ముందు ఇసుక రుచించడం లేదు. మొన్న పెద్ద ఆటుకి దిబ్బ మీదికి వెళ్ళిపోయారు. నేను బట్టలు ఆరేస్తూ చూశాను. వీపు నా వైపు. తల వంచుకుని. నిదానంగా. దిబ్బకి ఇవతల పక్క నీళ్ళు మెరుస్తున్నాయి అక్కా, సన్నగా, తాడులాగా.

అరిచాను. నేను అరిచాను! నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆయనకి వినబడలేదు. ఆరేసిన ఎర్ర దుప్పటి లాక్కుని మోకాళ్ళ లోతు దిగి ఊపాను. ఎందుకో తల తిప్పారు. చూశారు. నడుం లోతులో తిరిగి వచ్చారు.

వచ్చాక బట్టలు పిండుకుంటూ అన్నారు: “అమ్మ పెట్టినవి ఏరుకొస్తూనే ఉన్నాను కదా ఇన్నాళ్ళూ. నాకు తెలియదనుకున్నారా? నువ్వు గీరిన రాజుగారు నాకు రెండుసార్లు దొరికాడు.”

నేను తడిసిన దుప్పటి అంచు పిండసాగాను.

“నాకు కావాల్సింది అవి కాదు. నాన్న జేబులో నాణెం. అది దొరికితే నాన్న ఎక్కడ పడిపోయాడో తెలుస్తుంది. అది దొరికేదాకా పోతాను. వచ్చే నెలలో ఈ ఏటికల్లా పెద్ద ఆటు ఉంది. దిబ్బ చివరిదాకా నడవొచ్చు.”

“వెళ్ళకండి” అన్నాను.

“దొరికితే మానేస్తాను. ఒట్టు” అన్నారు.

వచ్చే నెల అక్కా. ఆయన వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నారు.

నీ చెల్లి

*

కుట్టు దుకాణం మీది గది,
బుధవారం

చెల్లీ,

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

మీ బావ చేతిలో పడ్డ ఏ తాళం చెవికైనా గంటలో కవల పుడుతుంది. నాణేనికి మాత్రం పుట్టదా? డబ్బాలో అలాంటి పాత రాగి నాణెం ఒకటి ఉంటే పంపు. ఆకురాయితో మూడు గాట్లు పెట్టి, ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, పన్నెండేళ్ళ పాచి పట్టించి ఇస్తానంటున్నాడు. నువ్వు దాన్ని గుంజల దగ్గర పెట్టు. దొరికితే మానేస్తానని ఒట్టేసింది అతనే.

మోసం అంటావని తెలుసు. మీ అత్తగారు చేస్తున్నది మోసమైతే ఇదీ మోసమే.

అక్క

*

సముద్రం వైపు ఇల్లు,
సోమవారం

అక్కా,

నాణెం కాగితం మడతలో కుట్టి పంపుతున్నాను. గాట్లు అంచుకి ఒకే పక్కన, దగ్గర దగ్గరగా, మధ్యది కాస్త లోతు. అత్తయ్య వేలితో నా అరచేతిలో గీసి చూపించింది. ఎందుకడిగానో ఆమె అడగలేదు.

పోయిన మనిషి వస్తువుకి నకలు చేయిస్తున్నాను. పొయ్యి దగ్గర నిలబడితే వెనక తలుపు నన్ను చూస్తున్నట్టుంది. అయినా పంపుతున్నాను.

నీ చెల్లి

*

కుట్టు దుకాణం మీది గది,
శుక్రవారం

చెల్లీ,

ఇదిగో. దూదిలో చుట్టాను. రవిక ముక్కల పొట్లంలో పెట్టాను, ఎవరూ విప్పరు. బావ దీని మీద కూర్చున్నంత శ్రద్ధగా మా పెళ్ళి ఉంగరం మీద కూడా కూర్చోలేదు. ఒట్టి ఇసుకలో పెట్టు, దూది తీసెయ్యడం మరచిపోకు తల్లీ.

పెట్టిన చోటు గుర్తుంచుకో.

అక్క

*

సముద్రం వైపు ఇల్లు,
గురువారం

అక్కా,

దొరికింది.

పెద్ద ఆటుకి నాలుగు రోజుల ముందు పెట్టాను. మూడో గుంజకి ఇంటి వైపు, ఏడడుగులు, మణికట్టు లోతు. ఒకరోజు చూశాను, రెండు రోజులు చూశాను, ఆయన ఆ పక్కకే పోలేదు. మూడో రోజు పొద్దున నేను గిన్నెలు కడుగుతుంటే వెనక తలుపులో నిలబడ్డారు. హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి. గుప్పిట మూసి ఉంది. నన్ను దాటి తిన్నగా అత్తయ్య మంచం దగ్గరికి వెళ్ళి ఆమె చేతిలో పెట్టారు.

ఆమె అంచు తడిమింది. ఒకటి, రెండు, మూడు. ఆ తర్వాత మళ్ళీ మొదటి గాటు నుంచి తడిమింది. నేను తల దించుకున్నాను. నా ముఖం చూస్తే ఎవరికైనా తెలిసిపోయేది.

ఆయన దాన్ని వెనక్కి తిప్పి చూపించి, నవ్వుతూ, ఏడుస్తూ, “ఇది నేను గీసిందే! ఏడేళ్ళప్పుడు. నాన్న ఆకురాయి తీసుకుని చేప గీస్తున్నాననుకుని గీశాను. కొట్టడానికి చెయ్యెత్తి నవ్వేశాడు. అమ్మకి కూడా తెలియదు” అన్నారు. నిజంగానే ఒక సున్నా, దానికి వంకర తోక.

“ఎక్కడ దొరికింది?” అని అడిగింది అత్తయ్య.

“మూడో గుంజ దగ్గర. ఇంటికే వస్తున్నాడమ్మా” అన్నారు.

ఇవాళే పెద్ద ఆటు. ఆయన వెళ్ళలేదు. పైకప్పు రేకులకి మేకులు కొడుతున్నారు. అత్తయ్య నన్ను పిలిచి, “ఇక తలుపుకి గడియ పెట్టెయ్యి అమ్మాయ్. వచ్చేశాడుగా” అంది. గడియ తుప్పు పట్టిపోయింది. నూనె వేసి పెట్టాను.

బావకి నా దండాలు చెప్పు. ఆ చేప సంగతి ఆయనకి ఎలా తట్టింది? ఆ ఒక్క గీత లేకపోతే నమ్మేవారో లేదో. ఇంత పెద్ద అబద్ధం నా కడుపులో ఎలా ఇముడుతుందో తెలియడం లేదు. కానీ మనిషి ఇంటి మీద ఉన్నాడు, సుత్తి చప్పుడు వినబడుతోంది.

నీ చెల్లి

*

కుట్టు దుకాణం మీది గది,
ఆదివారం

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి బావ ముందు పెట్టాను. నేను చదివితే తప్పు వినబడిందేమోనని తనే చదివాడు.

ఏ చేప? మేము వెనక వైపు ముట్టుకోలేదు. మూడు గాట్లు, అంతే. వెనక నున్నగా అరిగిపోయి ఉంది, నువ్వు పంపినప్పుడే అలా ఉంది. బావ తన చేతి మీద ఒట్టు వేశాడు.

మరిదిగారు ఆశ కొద్దీ ఏ అరుగుదలనో చేప అనుకున్నారేమో. నువ్వు కూడా చూశానంటున్నావు. సరిగ్గా చూశావా?

వెంటనే రాయి. ఈసారి నేను ఎగతాళి చెయ్యను.

అక్క

*

సముద్రం వైపు ఇల్లు,
శుక్రవారం

అక్కా,

సరిగ్గానే చూశాను. ఇప్పుడు ఆ నాణెం అత్తయ్య దిండు కింద ఉంది. నీ ఉత్తరం వచ్చాక దుప్పటి సర్దే నెపంతో మళ్ళీ చూశాను. సున్నా, వంకర తోక. గీతలో కూడా పాచి పట్టి ఉంది.

ఇవాళ ఆయన నాణేలు అమ్మడానికి బజారుకి వెళ్ళారు. నేను మెషీను తీశాను. ముట్టుకోవడం అదే మొదటిసారి. కర్ర మీద అరిగిన గుంటలో నా వేళ్ళు వాటంతటవే కూర్చున్నాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే సముద్రం ఆగిపోయింది అక్కా. అలలు కళ్ళ ముందు విరిగిపడుతున్నాయి, చప్పుడు లేదు. అత్తయ్య అరుపు ఆయనకి ఎందుకు అందలేదో అక్కడ నిలబడితే గానీ తెలియదు.

మూడో గుంజ. ఇంటి వైపు ఏడడుగులు. పళ్ళెం ఊపాను. కూసింది.

చేత్తోనే తవ్వాను. మణికట్టు లోతులో, నేను పెట్టినట్టే, బోర్లా ఉంది. అంచుకి మూడు గాట్లు. మధ్యది కాస్త లోతు. వెనక నున్నగా ఉంది. బావ చేసిన నాణెం అక్కా. ఎవరూ తియ్యలేదు.

ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. కాళ్ళకి చల్లగా తగిలితే చూసుకున్నాను. ఆటు ఎప్పుడు పోటుకి మళ్ళిందో, నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. ముందు నుంచి కాదు, వెనక నుంచి. హెడ్‌ఫోన్లు లాగేశాను. సముద్రం ఒక్కసారిగా మీద పడ్డట్టు వినబడింది.

బావ నాణెం అక్కడే ఉంచి గుంట పూడ్చాను. మా ఇంటి పద్ధతిలో అరచేత్తో అదిమాను. ఆయన తన నాణెం తీసింది గుంజకి సముద్రం వైపని మొన్న మాటల్లో చెప్పారు. ఆ చోటు కూడా చూశాను. అలలు ఎప్పుడో చదును చేసేశాయి.

ఇప్పుడు నేను మా ఆయన్ని మోసం చెయ్యలేదు. ఆ బరువు దిగిపోయింది. దాని చోటులో వచ్చి కూర్చున్నదాన్ని ఏమని పిలవాలో నాకు తెలియదు. బావ మనసు పాడు చెయ్యకు, చేప ఏదో అరుగుదలే అని చెప్పెయ్యి. ఈ సంగతి ఆయనకీ అత్తయ్యకీ నేను చెప్పను. నా పెదాల దగ్గర ఆగిపోవడం మాటలకి అలవాటే కదా.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కున్నాను. వెనక తలుపు వేశాను. గడియ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. పన్నెండేళ్ళు నడిచి ఇంటి ముందుదాకా వచ్చిన మనిషి. ఇంకో ఏడడుగులు, గుంజ దాటితే మా ఇంటి మెట్లు.

“గడియ పెట్టావా అమ్మాయ్?” అని లోపలి నుంచి అడిగింది.

“పెట్టాను అత్తయ్యా” అన్నాను.

పెట్టలేదు అక్కా. ఈ ఇంట్లో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే.

నీ చెల్లి